పీసీబీ మూయించిన కంపెనీ, పోయిన ఉద్యోగం: తప్పు నిబంధనదేనా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అన్నయ్య తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు కింద రియాక్టర్ (రసాయనాలు కలిపే పెద్ద పాత్ర) దగ్గర పనిచేస్తున్న బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీని కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) మూయించింది, కరెంటు తీసేశారు, చెరువు కింద రైతులేమో పీడ విరగడైందంటున్నారు, కంపెనీ మీద బతికే ఇళ్లలో మాత్రం నెల ఎలా గడుస్తుందోనని టెన్షన్. ఈ పర్యావరణ నిబంధనలు చివరికి మనలాంటి వాళ్ల ఉద్యోగాలు తీసెయ్యడానికేనా అని అడిగారు, అన్నయ్య ఇప్పుడేం చెయ్యాలో కూడా చెప్పమన్నారు. ఆ రెండోది చివర్లో రాశాను, తొందరలో ఉంటే ముందు అదే చదవండి.

నా సంగతి ముందే చెప్పేస్తాను. పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు బల్క్ డ్రగ్ యూనిట్లలో ఈటీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా మొదలుపెట్టి, ఈహెచ్ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) మేనేజరుగా చేసి, ఇప్పుడు కన్సెంట్ (మండలి అనుమతి) ఫైళ్లు చూసే కన్సల్టెంటుగా ఉన్నాను. అంటే నాకు జీతం ఇచ్చింది కంపెనీలే, కానీ ఆ కంపెనీలు నన్ను పెట్టుకున్నది నిబంధన ఉంది కాబట్టే. రెండు వైపులా ఉప్పు తిన్నవాణ్ణి, అది గుర్తుపెట్టుకుని చదవండి.

నిబంధన వల్ల దేశం మొత్తం మీద ఉద్యోగాల సంఖ్య పెద్దగా తగ్గదు, పెరగదు కూడా. మారేది ఎవరి ఉద్యోగం, ఏ ఊళ్లో, ఎప్పుడు అన్నది. "మొత్తం మీద తేడా లేదు" అనే మాట ఏసీ గదిలో కూర్చున్నవాడికి బాగానే ఉంటుంది, పోయిన ఆ ఒక్క ఉద్యోగం మన ఇంట్లోదైతే దానికి అర్థమే లేదు. అలాగే "నిబంధనలు ఎత్తేస్తే ఉద్యోగాలొస్తాయి" అనేవాళ్లు అంతకుముందే పోయిన ఉద్యోగాలను లెక్కలోకి తీసుకోరు. మన దగ్గర ఈ దెబ్బ ఇంత గట్టిగా తగలడానికి ఇంకో కారణం ఉంది. నిబంధనను ఏళ్ల తరబడి కాగితాల మీదే ఉంచి, ఎవరో కోర్టుకెళ్లాక ఒక్క రోజులో కరెంటు పీకడం. నేను చూసినంతలో కార్మికుడిని ముంచేది ఇదే.

ఈ విషయం మీద ఎక్కువ లెక్కలు తీసింది అమెరికావాళ్లు, ఎందుకంటే ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఏ ఫ్యాక్టరీలో ఎంతమంది పనిచేశారో దశాబ్దాల రికార్డు వాళ్ల దగ్గర ఉంది. 1970లో అక్కడ క్లీన్ ఎయిర్ చట్టం గట్టిపడ్డాక, గాలి బాగాలేని కౌంటీల్లో ఫ్యాక్టరీలకు కఠిన నిబంధనలు, గాలి బాగున్న కౌంటీల్లో సడలింపు. మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్త లెక్క ప్రకారం 1972 నుంచి 1987 వరకు కఠిన నిబంధనలున్న కౌంటీల్లో, మిగతావాటితో పోలిస్తే, దాదాపు 5,90,000 ఉద్యోగాలు తగ్గాయి. చాలామంది ఈ అంకె ఒక్కటే పట్టుకుని వాదిస్తారు. "మిగతావాటితో పోలిస్తే" అన్న ముక్క వదిలేస్తారు. ఇక్కడ తగ్గినవాటిలో కొన్ని పక్క కౌంటీలో పెరిగి ఉంటాయి, అప్పుడు అదే ఉద్యోగం ఇక్కడ ఒకటి తగ్గినట్టు, అక్కడ ఒకటి ఎక్కువైనట్టు రెండు వైపులా లెక్కకొస్తుంది. లాస్ ఏంజిల్స్ దగ్గర చమురు శుద్ధి కర్మాగారాల మీద బెర్మన్, బూయి చేసిన అధ్యయనంలో చాలా కఠినమైన గాలి నిబంధనలు వచ్చినా ఉద్యోగాలు చెప్పుకోదగినంత తగ్గలేదు, ఎందుకంటే కాలుష్యం తగ్గించే యంత్రాలు పెట్టినా వాటిని నడిపేది మనుషులే.

వీటన్నిటికంటే నాకు ముఖ్యమనిపించింది రీడ్ వాకర్ 2013లో వేసిన లెక్క. ఆయన ఫ్యాక్టరీలను వదిలేసి మనుషుల వెంట పడ్డాడు. 1990లో చట్టం మళ్లీ గట్టిపడ్డాక దెబ్బతిన్న పరిశ్రమల్లో ఒక్కొక్క కార్మికుడి సంపాదన ఏళ్ల తరబడి ఏమైందో చూశాడు. సగటున ఒక్కో మనిషి మొత్తంగా నష్టపోయింది పాత ఏడాది ఆదాయంలో 20 శాతం పైచిలుకు, అందరిదీ కలిపితే 540 కోట్ల డాలర్లకు పైనే. గాలి బాగుపడటం వల్ల వచ్చిన ఆరోగ్య లాభంతో పోలిస్తే అది చాలా చిన్న మొత్తం. కానీ ఆ 20 శాతం అందరికీ సమానంగా పడలేదు. ఉద్యోగంలో ఉండిపోయినవాళ్లకు పెద్దగా పోయిందేమీ లేదు, బయటికొచ్చి వేరే పని వెతుక్కున్నవాళ్లే దాదాపు మొత్తం భారం మోశారు, అదీ ఉద్యోగాల మార్కెట్ బాగాలేని చోట మరీ ఎక్కువ. లాభం లక్షల మందికి కొంచెం కొంచెంగా అందుతుంది, ఎవరికీ కనిపించదు. నష్టం కొద్దిమంది నెత్తిన మొత్తంగా పడుతుంది. మీ ఊళ్లో సగం మంది సంబరం, సగం మంది ఏడుపు అంటే ఇదే.

అమెరికా సంగతి మనకెందుకు అనుకుంటే తమిళనాడులోని తిరుప్పూరు చూడండి. మీ అన్నయ్య కంపెనీకి జరిగింది అక్కడ ఊరు మొత్తానికి జరిగింది.

బనియన్లు, టీషర్టుల ఊరు. పత్తి గుడ్డకు రియాక్టివ్ రంగు పట్టాలంటే బస్తాలకు బస్తాలు ఉప్పు పడుతుంది, గుడ్డకు రంగు పట్టాక ఆ ఉప్పంతా నీళ్లలోనే మిగిలిపోతుంది. వందల అద్దకం యూనిట్లు ఆ నీళ్లు నొయ్యల్ నదిలోకి వదిలాయి. కింద ఒరత్తుపాళయం డ్యాం, 1992లో పొలాలకు నీళ్లివ్వాలని కట్టింది, కొన్నేళ్లకే రంగునీళ్ల గుంట అయిపోయింది. ఆయకట్టు రైతులు డ్యాం గేట్లు ఎత్తొద్దని మొత్తుకునే దాకా వచ్చింది, ఆలోచించండి, నీళ్లొద్దు బాబోయ్ అనే రైతు! వాళ్లే హైకోర్టుకెళ్లారు. 2006 డిసెంబరులో మద్రాసు హైకోర్టు ఒక్క చుక్క కూడా బయటికి వదలకూడదని (దీన్నే జీరో డిశ్చార్జ్ అంటారు) గడువు పెట్టింది. గడువు దాటింది, పొడిగింపులు అడిగారు, సుప్రీంకోర్టుకెళ్లారు, 2009లో అక్కడా ఓడిపోయారు, అయినా నీళ్లు పారుతూనే ఉన్నాయి. చివరికి 2011 జనవరి 28న హైకోర్టు అద్దకం యూనిట్లు, ఉమ్మడి శుద్ధి ప్లాంట్లు అన్నీ మూసి కరెంటు కట్ చెయ్యమంది. ఏడొందలకు పైగా యూనిట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. అద్దకం ఆగితే వెనక అల్లిక, ముందు కటింగ్, కుట్టు, ప్యాకింగ్ అన్నీ కుంటుపడతాయి, ఎందుకంటే తెల్ల గుడ్డతో ఆర్డర్లు పూర్తి కావు. ఒడిశా నుంచీ బిహార్ నుంచీ వచ్చిన కుర్రాళ్లు బ్యాగులు సర్దుకుని రైలెక్కారు. కొందరు యజమానులు గుడ్డను లారీల్లో వేరే ఊళ్లకు పంపి రంగు వేయించుకున్నారు, అంటే కాలుష్యం కూడా లారీ ఎక్కి ఇంకో ఊరికి పోయింది.

తర్వాత జరిగింది మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. తమిళనాడు ప్రభుత్వం వడ్డీ లేని రుణం 200 కోట్లు ఇచ్చింది, ఉమ్మడి ప్లాంట్లు ఆర్ఓలు (నీళ్లను వడగట్టే యంత్రాలు), ఎవాపరేటర్లు (నీళ్లను ఆవిరి చేసే యంత్రాలు) పెట్టుకుని ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి, ఉప్పునీటినే తిరిగి అద్దకంలో వాడటం నేర్చుకున్నారు, నీళ్లలో ఎక్కువ భాగం మళ్లీ యూనిట్లకే వెళుతోంది. మూసిన ఏడాది తిరుప్పూరు ఎగుమతులు సుమారు 12,500 కోట్లు. పదేళ్ల తర్వాత, 2021-22లో 33,000 కోట్లు దాటాయి. అందులో ధరల పెరుగుదలా, రూపాయి పడిపోవడమూ ఉన్నాయి, ఒప్పుకుంటాను, కానీ "జీరో డిశ్చార్జ్ పెడితే ఊరు చచ్చిపోతుంది" అని 2006లో గగ్గోలు పెట్టినవాళ్ల మాట నిజం కాలేదన్నది మాత్రం ఖాయం. ఇప్పుడు విదేశీ బ్రాండ్ల దగ్గర తిరుప్పూరువాళ్లు చెప్పుకునే గొప్పల్లో మొదటిది ఆ జీరో డిశ్చార్జే. పెద్ద యూనిట్లు నిలబడ్డాయి. చిన్నవి, రెండు మూడు మెషిన్లతో నడిచినవి చాలావరకు పోయాయి. 2011లో రైలెక్కిన కుర్రాడికి 2021 ఎగుమతులతో పనేముంది? 2006 నుంచి 2011 దాకా ఐదేళ్లు ప్రభుత్వం వంద యూనిట్లు, వంద యూనిట్లు చొప్పున మార్పించి ఉంటే ఆ కుర్రాడు రైలెక్కాల్సిన పని ఉండేది కాదు. ఆ ఐదేళ్లలో నదికీ మంచి జరగలేదు, కార్మికుడికీ మంచి జరగలేదు, వాయిదాలు వాదించినవాళ్లకు తప్ప.

ఇక మన పటాన్‌చెరు-బొల్లారం. డెబ్బైల్లో ఎస్టేట్ వేసినప్పుడు ఉద్యోగాలొస్తాయనే వేశారు, వచ్చాయి కూడా. కానీ ఇస్కవాగు, నక్కవాగు వెంట ఊళ్లలో వరి పండించినవాళ్లు, చెరువుల్లో చేపలు పట్టినవాళ్లు, పశువుల మీద బతికినవాళ్లు పని పోగొట్టుకున్నారు. వాళ్లకు నోటీసులు లేవు, సెటిల్‌మెంటు లేదు, ఏ రిజిస్టరులోనూ "ఉద్యోగం పోయింది" అని రాయలేదు. చేపల సొసైటీలో సభ్యుడి పేరు అలాగే ఉంటుంది, చెరువులో చేప ఉండదు. స్థానిక డాక్టరు కిషన్‌రావు గారి లాంటివాళ్లు ఏళ్ల తరబడి వెంటపడితే, 1990లో సుప్రీంకోర్టు దాకా కేసు వెళితే, 1994లో పటాన్‌చెరు ఎన్విరో టెక్ పేరుతో ఉమ్మడి శుద్ధి ప్లాంటు వచ్చింది. అదీ సరిపోలేదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిం లార్సన్ బృందం ఆ ప్లాంటులో శుద్ధి అయి బయటికొస్తున్న నీళ్లు పరీక్షిస్తే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది, ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. 2010 జనవరిలో కేంద్రం దేశం మొత్తం మీద 43 పారిశ్రామిక ప్రాంతాల్లో కొత్త ప్రాజెక్టులు, విస్తరణలు ఆపినప్పుడు అందులో పటాన్‌చెరు-బొల్లారమూ ఉంది, విశాఖపట్నమూ ఉంది. ఆ మారటోరియం వల్ల రాకుండా పోయిన ఉద్యోగాల గురించి అప్పట్లో చాలా మాట్లాడారు. వాగు వెంట ముందే పోయిన ఉద్యోగాల ఊసెత్తినవాడు లేడు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. కంపెనీలో ఉద్యోగానికి పేరు, టోకెన్ నంబరు ఉంటాయి, కాబట్టి పోతే వార్త. రైతు కూలీ పనికి అవేవీ ఉండవు.

ఈటీపీలో నిజంగా ఏం జరుగుతుందో కొంచెం చెబుతాను, ఎందుకంటే "నిబంధన ఖర్చు" అనేది ఎక్కడ పుడుతుందో అక్కడే ఉద్యోగమూ పుడుతుంది, మోసమూ పుడుతుంది. బల్క్ డ్రగ్ ప్లాంటు నీళ్లను రెండు రకాలుగా విడదీస్తాం, ఉప్పులు ఎక్కువున్న హెచ్‌టీడీఎస్, తక్కువున్న ఎల్‌టీడీఎస్. హెచ్‌టీడీఎస్‌ను ముందు స్ట్రిప్పర్‌లోకి పంపి అందులో మిగిలిన సాల్వెంట్ (రసాయనాలను కరిగించే ద్రవం) లాగాలి, తర్వాత ఎంఈఈ అనే ఎవాపరేటరులో ఆవిరి చెయ్యాలి, అడుగున మిగిలిన చిక్కటి ద్రవాన్ని ఏటీఎఫ్‌డీ అనే డ్రయ్యరులో ఎండబెడితే ఉప్పు పొడిలా రాలుతుంది, దాన్ని బస్తాల్లో నింపి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల డంపింగ్ సైటుకి లారీలో పంపాలి, ప్రతి లారీకి మానిఫెస్టు (ఏం పంపామో రాసే పత్రం) రాయాలి. ఎల్‌టీడీఎస్ బయలాజికల్ ట్యాంకుల్లోకి, అక్కణ్నుంచి ఆర్ఓకి. ఇదంతా మూడు షిఫ్టులూ నడవాలి. ఆపరేటరు, హెల్పర్లు, ల్యాబ్ కెమిస్టు, బాయిలర్ మనిషి, బస్తాలు నింపేవాళ్లు, అంతా కలిపి ఒక మోస్తరు ప్లాంటుకు పదుల మంది. ఏటీఎఫ్‌డీ దగ్గర పని అంటే మామూలు వేడి కాదు, స్ట్రిప్పర్ సరిగా నడవని రోజు వాసనకు తల తిరుగుతుంది. గొప్ప ఉద్యోగాలని నేననను. కానీ ఉద్యోగాలే.

ఆవిరికి బొగ్గు, ఆర్ఓకి కరెంటు, బస్తా బస్తాకీ డంపింగ్ చార్జీ. అదంతా ఎందుకని కొందరు రాత్రిపూట ట్యాంకరు పిలిపించి, ఎక్కడో నాలాలోనో పాత క్వారీలోనో ఖాళీ చేయిస్తారు. ట్యాంకరు డ్రైవరుకు కొన్ని వేలు ఇస్తే ఎంఈఈ నడిపే ఖర్చులో చాలావరకు మిగులుతుంది. అలా మిగుల్చుకున్న కంపెనీ అదే మందును కిలోకు తక్కువ ధరకు అమ్మగలుగుతుంది. పక్కన నిజాయితీగా ఎంఈఈ నడిపేవాడు ఆర్డరు పోగొట్టుకుంటాడు, రెండో షిఫ్టు ఆపేస్తాడు, అక్కడ కాంట్రాక్టు కుర్రాళ్ల పని పోతుంది. ఆ పోయిన ఉద్యోగాలను ఎవరి ఖాతాలో వెయ్యాలి? నిబంధన ఉండటం వల్ల కాదు, ఉన్న నిబంధనను కొందరికే అమలు చెయ్యడం వల్ల పోయినవి అవి. ఇది ఏ అధ్యయనంలోనూ నాకు కనపడలేదు, నేను పనిచేసిన చోట మాత్రం పదే పదే చూశాను. మన దేశంలో నీటి కాలుష్య నిబంధనలు ఎంత పనిచేశాయని గ్రీన్‌స్టోన్, రెమా హన్నా 2014లో లెక్క వేస్తే, గాలి నిబంధనల వల్ల కొంత ఫలితం కనిపించింది, నీటి నిబంధనల వల్ల ఏమీ కనిపించలేదు. పనిచేయని నిబంధన ఉద్యోగాలను మింగేస్తోందని గోల చెయ్యడం చూస్తే నవ్వొస్తుంది.

నిబంధన ఉద్యోగాలు నిలబెట్టిన కథ కూడా మన దగ్గరే ఉంది, రొయ్యల కథ. తొంభైల మొదట్లో నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా తీరం వెంట టైగర్ రొయ్య చెరువులు తవ్వారు, పొలాలు ఉప్పుబారాయి, తాగే నీళ్ల బావులు చెడ్డాయి. వరి పొలంలో నాట్లకీ కోతలకీ ఊరంతటికీ పని ఉండేది, అదే పొలం రొయ్యల చెరువైతే ఒక వాచ్‌మన్, మేత వేసేవాళ్లు ఇద్దరు, పట్టుబడి రోజు మాత్రం కూలీలు. 1996 డిసెంబరు 11న జగన్నాథన్ గారి కేసులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువులు 1997 మార్చికల్లా కొట్టెయ్యమంది. అంతటితో ఆగలేదు, అక్కడ ఏడాదికి పైగా పనిచేసిన కార్మికులకు చట్టప్రకారం వచ్చే పరిహారం కాక, ఆరేళ్ల జీతం అదనంగా ఇవ్వాలని రాసింది. ఆరేళ్లు! మూసివేత ఆర్డరులోనే కార్మికుడి పేరు మీద ఒక పేరా ఉండటం అంటే అదీ.

అది అమలు కాలేదు. రివ్యూ పిటిషన్లు, బిల్లులు, చివరికి 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి ఆ చెరువులకు వేరే దారి చూపించారు. నిజానికి కోర్టు కొట్టెయ్యమన్న చెరువుల్లో చాలావాటిని అంతకుముందే తెల్లమచ్చల వైరసే దెబ్బకొట్టింది. 1994-95 నుంచీ టైగర్ రొయ్య పంట మీద పంట పోయి, ఆక్వా మీద వచ్చిన పనిలో పెద్ద భాగం కాలవలో కలిసిపోయింది, అప్పటికి ఏ ఆఫీసరూ గేటు కూడా తట్టలేదు. మళ్లీ లేచింది 2009 తర్వాత. వనామీ అనే విదేశీ రొయ్య రకం తేవాలంటే ఎవరు పడితే వాళ్లు తేకూడదు, వ్యాధి లేని తల్లి రొయ్యలే రావాలి, చెన్నై నీలాంకరై క్వారంటైన్‌లో ఉంచాకే హేచరీకి (రొయ్య పిల్లల్ని తీసే చోటు) వెళ్లాలి, చెరువుకు రిజిస్ట్రేషన్ ఉండాలి అని అథారిటీ షరతులు పెట్టింది. అప్పట్లో రైతులు తిట్టుకున్న షరతులే ఇవి. 2022-23లో దేశం నుంచి 7.11 లక్షల టన్నుల రొయ్య ఎగుమతి అయింది, అందులో మన ఆంధ్రాదే అగ్రస్థానం. భీమవరం చుట్టుపక్కల ప్రాసెసింగ్ ప్లాంట్లలో తలలు తీసే, సైజు ప్రకారం కౌంటు వేరుచేసే ఆడవాళ్ల పని ఆ షరతుల మీద నిలబడింది. షరతులు సడలిన చోటల్లా, దొంగ సీడు (రొయ్య పిల్లలు) వచ్చిన ఏడాదల్లా, పంటలు పోయాయి. యాంటీబయాటిక్ అవశేషాలున్నాయని యూరప్‌వాళ్లు కంటైనరు వెనక్కి పంపినప్పుడు నష్టపోయింది మందు వేసిన ఒక్క రైతే కాదు, ఆ వారం షెడ్డులో పని దొరకని ఆడవాళ్లు కూడా. ఇక్కడ మనం నిబంధన పెట్టుకోకపోతే కొనేవాడు పెడతాడు, అంతే తేడా. అలాగని ఆక్వా అంతా శుభ్రమైపోయిందని కాదు, భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు మీద 2016లో ఊళ్లకు ఊళ్లే ఎందుకు రోడ్డెక్కాయో, గొంతేరు కాలవ గురించి ఎందుకు భయపడ్డారో ఆ పక్కవాళ్లకు తెలుసు.

చైనా ముక్క ఒకటి చెప్పి వదిలేస్తాను. 2016 నుంచి రెండు మూడేళ్లు అక్కడ రసాయన ఫ్యాక్టరీలను వరసబెట్టి మూయించారు. వాటి మీద ఆధారపడ్డ హైదరాబాద్ కంపెనీలకు ఇంటర్మీడియట్ల (మందు తయారీలో మధ్య దశ రసాయనాలు) ధరలు చుక్కలంటాయి, అవే సరుకు ఇక్కడ తయారుచేసేవాళ్లకు మాత్రం పండగ. అక్కడి నిబంధన ఇక్కడ కొన్ని ఉద్యోగాలు తీసింది, కొన్ని ఇచ్చింది. ఎవరైనా "నిబంధన వల్ల ఇన్ని ఉద్యోగాలు" అని ఒకే అంకె చెబితే ఎక్కడి గీత దాకా లెక్కేశావని అడగండి.

మరి ఇంకో పద్ధతి లేదా అంటే ఉంది. సూరత్‌లో 2019 నుంచి గుజరాత్ మండలి మూడొందలకు పైగా ఫ్యాక్టరీల పొగగొట్టాలకు నిరంతరం కొలిచే పరికరాలు పెట్టి, మొత్తం పొగకు ఒక పరిమితి పెట్టి, పర్మిట్లు కొనుక్కోవడం, అమ్ముకోవడం పెట్టింది. పొగ 20 నుంచి 30 శాతం తగ్గింది, పైగా పొగ తగ్గించుకోవడానికి అయ్యే ఖర్చు కూడా పది శాతం పైగా తగ్గింది. ఎక్కువ వదిలినవాడు పర్మిట్లు కొనుక్కోవాలి, అంటే డబ్బు పోతుంది, కాబట్టి ఏదో ఒక రోజు గేటుకు తాళం పడే దాకా విషయం రాదు. మన దగ్గర మండలి ఎక్కువగా వాడేవి రెండే, నోటీసు, నీటి చట్టం 33ఏ, గాలి చట్టం 31ఏ కింద కరెంటు కట్. మధ్యలో వాడేది తక్కువ. బ్యాంక్ గ్యారంటీలు ఉన్నాయనుకోండి, అవి జప్తు చేసిన సందర్భాలు నా అనుభవంలో చాలా తక్కువ.

ఇప్పుడు మీ అన్నయ్య విషయం.

ముందు తెలుసుకోవాల్సింది, మండలి మూసివేత చాలాసార్లు శాశ్వతం కాదు. మండలి టాస్క్‌ఫోర్స్ కమిటీ ముందు హియరింగ్ ఉంటుంది, కంపెనీ లోపాలు సరిచేస్తానని బ్యాంక్ గ్యారంటీ ఇస్తే మూడు నెలలకో ఆరు నెలలకో టెంపరరీ రివోకేషన్ (మూసివేత తాత్కాలికంగా ఎత్తేయడం) ఇస్తారు. అంతకుముందే, ప్లాంటులో నిలవున్న మురుగునీటిని శుద్ధి చెయ్యడానికి ఈటీపీ వరకు కరెంటు ఇవ్వడం మామూలే. అంటే ప్రొడక్షన్ ఆగినా ఈటీపీలో మనుషులు కావాలి. మీ అన్నయ్యకు రియాక్టర్ అనుభవం ఉంది కాబట్టి స్ట్రిప్పరు, ఎంఈఈ నడపడం పెద్ద కష్టం కాదు. కాంట్రాక్టరు ద్వారా కాకుండా నేరుగా ప్లాంట్ మేనేజరుని కలిసి అడగమనండి, ఇప్పుడే, వేరేవాళ్లు చేరకముందే. కంపెనీ తెరిచాక కూడా ఆ పనికే ముందు పిలుస్తారు.

కాంట్రాక్టు కార్మికుడు కాబట్టి "మా దగ్గర రికార్డు లేదు" అని కంపెనీ, "కంపెనీ డబ్బులివ్వలేదు" అని కాంట్రాక్టరు చెబుతారు. చట్టం ప్రకారం కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రిన్సిపల్ ఎంప్లాయరే, అంటే కంపెనీయే, చెల్లించాలి. పాత 1970 చట్టంలోనూ ఇదే, 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ ఇదే. కాబట్టి పీఎఫ్ యూఏఎన్ పాస్‌బుక్ డౌన్‌లోడ్ చేసుకోండి, ఈఎస్‌ఐ నంబరు, గేట్ పాసులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, సేఫ్టీ ట్రైనింగ్ సర్టిఫికెట్లు ఉంటే అవి, అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. తొమ్మిదేళ్లలో కాంట్రాక్టరు పేరు రెండు మూడుసార్లు మారి ఉంటుంది, ప్రతిసారీ సర్వీసు కొత్తగా మొదలైనట్టు చూపిస్తారు. అందుకే పని చేసింది ఒకే ప్లాంటులో అని చూపించే కాగితమేదైనా సరే బంగారం. వాట్సాప్‌లో షిఫ్ట్ రోస్టర్ల ఫొటోలు కూడా డిలీట్ చెయ్యొద్దు.

కంపెనీ పూర్తిగా మూసేస్తే ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం రావాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్త. "మా చేతిలో లేని కారణాల వల్ల మూతపడింది" అని యజమాని నిరూపించుకుంటే ఆ పరిహారం మూడు నెలల వేతనానికి మించదు. పీసీబీ మూయించింది కదా, మేమేం చేస్తాం అని ఆ వెసులుబాటు కోసం ప్రయత్నిస్తారు. మురుగునీళ్లు బయటికి వదిలింది వాళ్లే కాబట్టి అది వాళ్ల చేతిలో లేని కారణం ఎలా అవుతుందని లేబర్ ఆఫీసులో గట్టిగా వాదించాలి. మూసివేత ఆర్డరులో లోపాలన్నీ వరసగా రాసి ఉంటాయి, దాని కాపీ సంపాదించండి. నోటీసు ఎన్నిసార్లు ఇచ్చారు, ఎప్పుడెప్పుడు ఇచ్చారు అన్న తేదీలే మీకు సాక్ష్యం. సమాచార హక్కు కింద మండలి ప్రాంతీయ కార్యాలయంలో దరఖాస్తు పెడితే ఇవ్వాల్సిందే.

ఈఎస్‌ఐ జీతంలోంచి కట్ అయి ఉంటే బ్రాంచ్ ఆఫీసుకు ఈ వారమే వెళ్లమనండి. పని పోయినవాళ్లకు భృతి ఇచ్చే పథకాలు రెండున్నాయి, 2005 నాటి రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన, 2018లో వచ్చిన అటల్ బీమిత వ్యక్తి కల్యాణ్ యోజన. షరతులు వేరువేరు, ఇప్పుడు ఏది అమల్లో ఉందో, అన్నయ్య సర్వీసుకు ఏది వర్తిస్తుందో అక్కడే చెబుతారు. చాలామంది కార్మికులకు ఇవి ఉన్నట్టే తెలియదు, కాంట్రాక్టర్లు చెప్పరు కూడా.

ఇంకొకటి, ఇది కొంచెం వింతగా అనిపించొచ్చు. టాస్క్‌ఫోర్స్ హియరింగుకు మీ ఊరి రైతులు తప్పకుండా వెళతారు. కార్మికులు కూడా వెళ్లాలి, కానీ కంపెనీ వ్యానులో, యజమాని ఇచ్చిన ప్లకార్డులతో కాదు. అలా వెళితే కమిటీ మిమ్మల్ని యజమాని మనుషులుగానే చూస్తుంది. రైతులతో కలిసి వెళ్లి ఒకే కాగితం ఇవ్వండి: ఈటీపీ బాగయ్యే దాకా ప్రొడక్షన్ వద్దు, బాగుచేసే గడువు నెలలవారీగా ఆర్డరులో రాయండి, ఆ గడువులో కార్మికులందరికీ, కాంట్రాక్టువాళ్లతో సహా, జీతం కంపెనీ కట్టాలని షరతు పెట్టండి, బ్యాంక్ గ్యారంటీ మొత్తంలో ఆ జీతాలు కూడా కలపండి. మండలికి ఆ అధికారం లేదని కంపెనీ లాయరు అంటాడు, అననివ్వండి, కాగితం రికార్డులోకి ఎక్కితే రేపు హైకోర్టులోనో ఎన్‌జీటీలోనో (జాతీయ హరిత ట్రిబ్యునల్) పనికొస్తుంది. మూసివేతతో పాటు కార్మికుల వేతనాల గురించి సుప్రీంకోర్టు రాసిన ఉదాహరణ 1996 నుంచీ ఉంది, పైన చెప్పిన రొయ్యల కేసే. ఆ కాగితం తయారుచెయ్యడానికి సాయం కావాలంటే మూసివేత ఆర్డరు కాపీ పెట్టండి, చూసి చెబుతాను.